ఓటుతో వచ్చినవారు, ఉత్తరువుతో వచ్చినవారు



ఈ సాయంకాలము నేను ప్రస్తావింపదలచిన విషయము పేరు వినగానే కొందరు రేడియో మీట త్రిప్పుదురేమో యన్న శంక నాకు లేకపోలేదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇంచుమించు ప్రతి రాష్ట్రమునకును విద్యా మండలి యను నొక సంస్థ యుండును. దాని సభ్యులను ప్రజలు ఓటు వేసి యెన్నుకొనవలెనా, లేక గవర్నరు ఉత్తరువు వ్రాసి నియమింపవలెనా యన్నది ఆ దేశమున తరతరములుగా తెగని వ్యాజ్యము. పైకి చూచుటకు ఇది పరిపాలనా శాస్త్రజ్ఞుల గోష్ఠికి మాత్రమే తగిన చర్చవలె కానవచ్చును. కాని ఆ మండలి చేయు పనిని తలచినచో విషయము ఇంటి గుమ్మము దాక వచ్చును. ఐదవ తరగతి పిల్లవాడు ఏ చరిత్ర చదువవలెను, పదవ తరగతి బాలిక జీవపరిణామమును గూర్చి ఏమి నేర్వవలెను, పాఠము చెప్పువారికి ఏ యోగ్యత యుండవలెను, బడి ముగించిపోవువారికి పట్టా యిచ్చుటకు ఎన్ని పాఠ్యాంశములలో ఉత్తీర్ణత కావలెను అను సంగతులన్నియు అనేక రాష్ట్రములలో ఒక బల్ల చుట్టును గూర్చుండిన పదిమందియో పదునైదుగురో చేతులెత్తి తీర్మానించుచున్నారు. అందుచే ఆ చేతులు ఎవరివి, వారిని ఆ బల్ల యొద్దకు పంపినవారెవరు, తిరిగి పంపివేయగలవారెవరు అను ప్రశ్న, బిడ్డలను బడికి పంపు ప్రతివారిదియు నగుచున్నది.

ఆ దేశపు సంయుక్త రాజ్యాంగమున విద్య యను మాటయే లేదు. కేంద్రమునకు ఒప్పగింపని అధికారములు రాష్ట్రములకో ప్రజలకో చెందునని పదవ సవరణము చెప్పుటచే విద్య రాష్ట్రముల సొత్తయ్యెను. ఏబది రాష్ట్రములును దానిని తమ తమ యిచ్చ వచ్చినట్లు నిర్వహించుకొనుచున్నవి. ఇచ్చట మన శ్రోతలకు ఒక్క మాట మనవి చేయవలెను. అచ్చటి గవర్నరు మన రాజభవనములందు నివసించు గవర్నరు వంటివాడు కాడు. రాష్ట్ర ప్రజలందరును నేరుగా ఓటు వేసి గద్దె నెక్కించిన కార్యనిర్వాహకుడు. మన ముఖ్యమంత్రికి సాటియైనవాడు. కనుక గవర్నరు నియామకమన్నచో ప్రజలతో నిమిత్తము లేని ప్రభువెవరో దయచేసిన పదవి యని భావింపరాదు. నియామక పక్షమువారి వాదమంతయు ఈ సూక్ష్మముపైననే నిలిచియున్నది. బడులు చెడినచో ప్రజలు ఒక్క గవర్నరును పట్టుకొని నిలదీయుట సుకరమా, పేరైన నెరుగని పదునైదుగురిలో ఎవరి తప్పు ఎంతయో తేల్చుకొనుట సుకరమా యని వారు అడుగుదురు. ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు.

1837లో మసాచుసెట్సు రాష్ట్రమున ఎడ్వర్డ్ ఎవరెట్ గవర్నరుగా నుండగా ఏర్పడిన విద్యా మండలి తరువాతివారికి మేలుబంతి యైనది. గవర్నరును, లెఫ్టినెంటు గవర్నరును పదవీరీత్యా అందు సభ్యులు. తక్కిన యెనమండుగురు నియమితులు. దాని కార్యదర్శిత్వమునకై రాష్ట్ర సెనెటు అధ్యక్ష పదవిని వదలుకొని వచ్చిన హొరేసు మాన్ అను న్యాయవాది 1848 వరకు ఆ కొలువున నుండి, పండ్రెండు వార్షిక నివేదికలు వ్రాసెను. చిత్రమేమనగా, ఆ మండలికి అధికారమనదగినది దాదాపు శూన్యము. బడిని మూయింపజాలదు, పంతులను తొలగింపజాలదు, పన్ను వేయజాలదు; సమాచారము సేకరించి శాసనసభకు నివేదించుటయే దాని పని. అధికారము లేని ఆ పీఠమునుండియే మాన్ పండితుడు ఊరూర తిరిగి, బడుల దుస్థితిని కండ్లకు గట్టినట్లు వర్ణించి, ఉపాధ్యాయ శిక్షణమునకై 1839లో లెక్సింగ్టన్ పట్టణమున ప్రభుత్వ పాఠశాల వెలయుటకు కారకుడయ్యెను. అట్టి మండలిని సైతము రద్దు చేయవలెనని 1840లో శాసనసభలో ప్రయత్నము జరిగెను. ప్రతి గ్రామమును తన బడిని తానే చూచుకొను సంప్రదాయమున్న చోట, రాజధానిలో నలుగురు పెద్దలు కూర్చుండి మాకు బుద్ధి చెప్పుటేమని ఆక్షేపించువారికి కొదవ లేకుండెను. ఆ ప్రయత్నము విఫలమైనది గాని, పొరుగుననున్న కనెక్టికట్‌లో హెన్రీ బర్నార్డ్ కార్యదర్శిగా 1838లో వెలసిన మండలి నాలుగేండ్లకే నేలకొరిగెను. నియమితులు ఎంతటి విద్వాంసులైనను, వారు మావారు కారన్న అపవాదు ఆ పద్ధతిని పుట్టుకనుండియు వెన్నంటి వచ్చుచున్నది.

ఆ తరువాత రాష్ట్రములు పట్టిన దారులన్నియు చెప్పబూనినచో ఈ ప్రసంగ కాలము చాలదు. న్యూయార్కులో 1784లోనే పుట్టిన రీజెంట్ల మండలి సభ్యులను నేటికిని గవర్నరు గాని ప్రజలు గాని కాక శాసనసభ్యులు ఎన్నుకొందురు. మిచిగాన్‌లో 1963 నాటి రాజ్యాంగము ననుసరించి ఎనమండుగురు రాష్ట్రమంతట పార్టీ పేర నిలిచి ఎనిమిదేసి యేండ్లకు ఎన్నికగుదురు. లూసియానాలో ఎనమండుగురు ఎన్నికైనవారును, మువ్వురు నియమితులును ఒకే బల్ల యొద్ద కూర్చుందురు. కాలిఫోర్నియాలో పదునొకండు మందిని గవర్నరే నియమించును. వారిలో ఒకరు ఉన్నత పాఠశాలలో చదువుకొనుచున్న విద్యార్థి, ఆ విద్యార్థికిని తక్కినవారితో సమానమైన ఓటు కలదు. చదువుకొనువారిని అడిగి చదువును నిర్ణయింపవలెనన్న ఈ యేర్పాటు మన దేశమున ఊహకైనను అందదు గాని, నాకు మిక్కిలి నచ్చినది. విస్కాన్సిన్‌లో మండలియే లేదు; ప్రజలెన్నుకొనిన విద్యాధికారి యొక్కడే కార్యభారమును వహించును. మొత్తముమీద అధిక సంఖ్యాక రాష్ట్రములలో గవర్నరు నియామకమే వాడుక. ఎన్నిక పద్ధతిని అనుసరించు రాష్ట్రములు కొన్నియే. అయినను వివాదమంతయు ఆ కొన్నింటి చుట్టునే తిరుగుచుండును, ఏలయన అచ్చట జరిగినది నలుగురి కండ్లయెదుట జరుగును.

టెక్సాసు కథను నిదానముగా చెప్పవలెను. రెండు పద్ధతులను రుచి చూచి, నియామకమునుండి ఎన్నికకు, అటనుండి తిరిగి నియామకమునకు, మరల ఎన్నికకు మరలిన రాష్ట్రమది. 1920 దశకము చివరినుండి అచ్చట గవర్నరు నియమించు తొమ్మండుగురి మండలి యుండెను. 1949లో గిల్మర్–ఐకిన్ చట్టములని పేరొందిన సంస్కరణములు దానిని తొలగించి, ఇరువదియొక్క సభ్యుల ఎన్నిక మండలిని ఏర్పరచి, అంతవరకు ప్రజలెన్నుకొనుచుండిన విద్యాధికారి స్థానమున మండలి నియమించు కమిషనరును నిలిపినవి. కాంగ్రెసు నియోజకవర్గమునకొక సభ్యుడు. వర్గములు పెరిగినకొలది సభ్యులును పెరిగి 1980 దశకము నాటికి ఇరువదియేడుగురైరి. ఆ కాలమున మండలి రాష్ట్రమంతటికిని పాఠ్యపుస్తకములను ఎంపిక చేయుచుండుటచే, అంత పెద్ద బేరమును పోగొట్టుకొనలేని ప్రచురణకర్తలు సభ్యుల కనుబొమల కదలికను బట్టి పుస్తకములను దిద్దుకొనుచుండిరి. లాంగ్‌వ్యూ పట్టణవాసులగు మెల్ గేబ్లర్, నార్మా గేబ్లర్ అను దంపతులు 1960 దశకమునుండి పాఠ్యపుస్తకములను పంక్తి పంక్తిగా చదివి, తమ మతవిశ్వాసములకును దేశభక్తికిని విరుద్ధమని తోచిన ఘట్టములపై దీర్ఘములైన ఆక్షేపణ పత్రములు సమర్పించుచు, ఏ పదవియు లేకయే దేశమంతట ప్రసిద్ధులైరి. వారిని పరిహసించినవారు పెక్కుమంది. ఆ పుస్తకములను వారివలె ఆమూలాగ్రము చదివినవారు ఆ పరిహాసకులలో ఎందరుండిరో నాకు సందేహమే.

1983లో గవర్నరు మార్క్ వైట్ విద్యాసంస్కరణములకై నియమించిన సంఘమునకు డల్లాసు కోటీశ్వరుడు రాస్ పెరో అధ్యక్షత వహించెను. కంప్యూటరు వ్యాపారమున ధనమార్జించిన ఆ మనుష్యుడు, బడులలో చదువుకంటె ఫుట్‌బాలునకే మన్నన యెక్కువైనదని ఫుట్‌బాలును ప్రాణముగ ప్రేమించు రాష్ట్రమున నిర్మొగమాటముగ ప్రకటించెను. తత్ఫలితముగ 1984లో వెలువడిన శాసనము, పరీక్ష తప్పిన విద్యార్థి ఆటలో దిగరాదని నిషేధించెను. తరగతి గదులలో పిల్లల సంఖ్యకు హద్దు పెట్టెను. వీనితోపాటు, పాత మండలి ఈ మార్పులను నీరుకార్చునేమో యన్న అనుమానముతో, ఎన్నికైన ఇరువదియేడుగురిని ఇండ్లకు పంపి వారి స్థానమున పదునైదుగురు నియమితులను కూర్చుండబెట్టెను. ఆ సంస్కరణములలో మంచివి లేకపోలేదు. అందు కొన్ని నేటికిని నిలిచియున్నవి. కాని 1986 ఎన్నికలలో వైట్ ఓడిపోయెను. నియమిత మండలినే స్థిరపరచుదమా యని 1987లో అడుగగా టెక్సాసు ప్రజలు వలదనిరి. 1988లో మరల ఎన్నికలు జరిగినవి. మేలు చేసినను మమ్ములను అడుగక చేయవలదన్నది వారి మనసులోని మాట యని నేను గ్రహించితిని.

ఎన్నిక తిరిగి వచ్చినది. దానితో ఎన్నిక యిబ్బందులును వచ్చినవి. నేడు టెక్సాసు మండలిలో పదునైదు స్థానములు. 2020 జనగణనము ప్రకారము ఒక్కొక్క సభ్యుడు పందొమ్మిది లక్షల పైచిలుకు జనమునకు ప్రతినిధి. అనగా ఆంధ్రప్రదేశమున ఒక లోక్‌సభ నియోజకవర్గమంత జనము. అచ్చటి కాంగ్రెసు సభ్యుని నియోజకవర్గమునకు రెండింతలకు మించినది. ఈ సభ్యులకు జీతము లేదు. వార్తాపత్రికలలో వారి పేర్లు అరుదు. ఇంటి పన్ను ఎంతో, రోడ్డు ఎప్పుడు వేయుదురో వారు చెప్పజాలరు గనుక ఓటరు వారిని వెదకుకొని పోడు. అయినను 1854లో ఇరువది లక్షల డాలర్లతో మొదలై నేడు ఐదువేల కోట్ల డాలర్లను దాటిన శాశ్వత పాఠశాల నిధి నిర్వహణమున వారికి పాత్ర కలదు. పాఠ్యపుస్తకముల మాట యటుంచి, ప్రతి తరగతికిని ఏమి బోధింపవలెనో నిర్ణయించు ప్రమాణములు వారి చేతిలోనివే. ఇంత పెద్ద పనికి ఇంత తక్కువ వెలుతురు పడుట ఈ పద్ధతిలోని మొదటి లోపము.

రెండవ లోపము 2010లో బయటపడినది. మండలి అధ్యక్షుని ఎన్నికైన సభ్యులనుండియే గవర్నరు ఎంపిక చేయును. దానిని సెనెటు ఆమోదింపవలెను. దంతవైద్యుడగు డాన్ మెక్‌లెరాయ్ 2007లో అట్లు అధ్యక్షుడై, విజ్ఞానశాస్త్ర ప్రమాణముల విషయమున జీవపరిణామ సిద్ధాంతముపై సంశయములను బహిరంగముగ ప్రకటించి వివాదములకు గురియయ్యెను. 2009లో సెనెటు ఆయన అధ్యక్షత్వమును ఆమోదింపలేదు. 2010 మార్చిలో సొంత పార్టీ ఓటర్లే ప్రాథమిక ఎన్నికలో ఆయనను స్వల్ప తేడాతో ఓడించిరి. అయినను సంవత్సరాంతము వరకు సభ్యత్వము మిగిలియుండెను గనుక, మేలో తొమ్మిదికి ఐదు ఓట్లతో అంగీకరింపబడిన చరిత్ర, సాంఘిక శాస్త్ర ప్రమాణములపై ఆయన యథావిధిగ ఓటు వేసెను. ప్రజలు పొమ్మనిన పిదపను పిల్లల పాఠములను నిర్ణయించు అవకాశము ఆయనకు దక్కినది. ఇది ఆయన తప్పు కాదు, చట్టము కల్పించిన వ్యవధి. ఇట్టి పోరాటములు ముందే యూహించి కాబోలు, 1995లోనే శాసనసభ మండలి చేతులు కొంత కట్టివేసి, పాఠ్యపుస్తకములను వాస్తవదోషములున్న కారణమున తప్ప అభిప్రాయభేదమున త్రోసిపుచ్చరాదని హద్దు గీచినది.

ఇక కాన్సాసు. 1966 నాటి రాజ్యాంగ సవరణము వలన ఏర్పడిన ఆ మండలిలో పదిమంది సభ్యులు, పదిమందియు ప్రజలెన్నుకొనినవారే. 1999 ఆగస్టులో ఆరుగురు ఒకవైపు, నలుగురు మరియొకవైపు చేతులెత్తగా, రాష్ట్ర విజ్ఞాన ప్రమాణములనుండి జీవపరిణామ సిద్ధాంతములోని ముఖ్యభాగములు తొలగిపోయినవి. బోధింపరాదని నిషేధింపలేదు, రాష్ట్ర పరీక్షలో అడుగబోమని చెప్పినట్లయినది. పరీక్షలో అడుగనిదానిని ఏ పంతులు చెప్పును, ఏ పిల్లవాడు వినును? లోకమంతయు కాన్సాసును చూచి నవ్వినది. మరుసటి యేడే ఎన్నికలు వచ్చినవి. ప్రాథమిక ఎన్నికలలోనే మండలి కూర్పు మారినది. 2001 ఫిబ్రవరిలో క్రొత్త మండలి సిద్ధాంతమును తిరిగి నిలిపినది. కథ అంతటితో ముగిసినదనుకొనిన పొరపాటే. 2002 ఎన్నికల పిదప ఐదుగురు ఐదుగురుగా చీలి ప్రతిష్టంభనము. 2004లో మరల ఊగిన త్రాసు. 2005 నవంబరు 8వ తేదీన మరల ఆరు–నాలుగు ఓట్లతో సిద్ధాంతముపై సంశయములను చొప్పించు ప్రమాణములు. 2006లో మరల ఎన్నికలు, 2007 ఫిబ్రవరిలో మరల రద్దు. ఎనిమిదేండ్లలో ఒకే పాఠము నాలుగు రూపములు దాల్చినది. ఈ నడుమ బడిలో చేరి వెడలిన విద్యార్థి ఏది సత్యమని నేర్చెనో ఆలోచించినచో, నియామక పక్షమువారి కంఠము మరల వినవచ్చును: విజ్ఞానశాస్త్రమును ఓట్లతో నిర్ణయింతురా యని.

కాని అదే 2005 నవంబరు 8వ తేదీన, పెన్సిల్వేనియాలోని డోవర్ అను చిన్న ఊరిలో జరిగినది కూడ చెప్పవలెను. అది రాష్ట్ర మండలి కాదు, స్థానిక పాఠశాల బోర్డు. జీవపరిణామమునకు ప్రత్యామ్నాయముగ సృష్టికర్త ప్రణాళికను సూచించు వాదమును తరగతిలో ప్రస్తావింపవలెనని తీర్మానించి న్యాయస్థానమునకు ఎక్కినది. న్యాయాధీశుడు జాన్ జోన్స్ డిసెంబరు 20న ఆ తీర్మానము రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పుటకు ఆరు వారములు ముందుగనే ఊరి ఓటర్లు ఎనమండుగురు సభ్యులను ఓడించి పంపివేసిరి. తీర్పుకంటె ఓటు ముందు వచ్చినది. కాన్సాసులోను అంతే. పొరపాటు చేసిన చేయియే దానిని దిద్దుకొనుటకును ఉపకరించినది. కాలము కొంత పట్టినది, అంతే.

నియమితుల పొరపాట్లు దిద్దుట అంత సులభముగ లేదు. పశ్చిమ వర్జీనియాలో నియమితుల మండలి 1942 జనవరిలో, యుద్ధావేశము ఉప్పొంగుచున్న తరుణమున, ప్రతి విద్యార్థియు జెండాకు వందనము చేసి తీరవలెనని ఆజ్ఞాపించెను. జెండాకు మ్రొక్కుట విగ్రహారాధనముతో సమానమని నమ్ము యెహోవా సాక్షుల కుటుంబములోని ఇద్దరు అక్కచెల్లెండ్రను అందుకు నిరాకరించిన కారణమున బడినుండి వెడలగొట్టిరి. వారి తలిదండ్రులు ఎవరికి ఓటు వేయకుండ ఆ సభ్యులను దింపగలరు? దింపలేరు. కావున దేశపు అత్యున్నత న్యాయస్థానము దాక పోవలసివచ్చినది. మూడేండ్ల క్రిందటనే అట్టి వ్యాజ్యమున పిల్లలకు విరుద్ధముగ తీర్పు చెప్పిన ఆ న్యాయస్థానము, 1943 జూన్ 14న ఆరు–మూడు ఓట్లతో తన మాటను తానే త్రోసిపుచ్చి, జస్టిస్ రాబర్ట్ జాక్సన్ వ్రాసిన తీర్పులో, మౌలికమైన స్వేచ్ఛలు ఎన్నికల జయాపజయములకు లోబడినవి కావని ప్రకటించెను. ఆ తీర్పు ఓటుకును హద్దు గీచినది, ఉత్తరువుకును గీచినది. అయితే ఎవరి పక్షమునను పూర్తిగా మొగ్గనీయని సంగతి మరియొకటి కలదు. ఆ రాష్ట్రమున నేడు మండలి సభ్యుల పదవీకాలము తొమ్మిదేండ్లు. ఏ గవర్నరును ఒక్క యేడాదిలో మండలిని తన మనుష్యులతో నింపజాలడు. ఆ మండలి నియమములను శాసనసభ పరిశీలనమునకు లోబరుపవలెనను సవరణమును 2022 నవంబరులో ప్రజల ముందుంచగా వారే దానిని తిరస్కరించిరి. నియమితులైనను రాజకీయముల పట్టునకు అందనివారిని ప్రజలు సహింతురని, ఒక్కొక్కప్పుడు కాపాడుదురని కూడ దీనివలన తెలియుచున్నది.

అలబామాలో వ్యవహారము వేరువిధముగ నడచినది. అచ్చటి ఎన్నిక మండలిని తీసివేసి గవర్నరు నియమించు సంఘమును పెట్టవలెనని గవర్నరు కే ఐవీ ప్రభృతులు ప్రచారము చేసిరి. 2020 మార్చిలో ఓటు వేసినవారిలో ఇంచుమించు ముప్పాతికపాళ్లు కాదనిరి. ఓహాయోలో అంత దూరము పోకయే పని సాధించిరి. ఎన్నికైనవారు పదునొకండు మంది, నియమితులు ఎనమండుగురు గల మండలిని 2023లో అట్లే యుంచి, దాని అధికారములలో ముఖ్యమైనవానిని గవర్నరు క్రింది శాఖకు తరలించిరి. కుర్చీలు మిగిలినవి, పని పోయినది. సభ్యులను ఎన్నుకొనుటయా నియమించుటయా యని జనము వాదులాడుచుండగా, అధికారము వెనుక ద్వారమున వెడలిపోవుట ఈ వివాదములో నన్ను అన్నింటికంటె ఎక్కువ కలవరపెట్టిన ఘట్టము.

మన సంగతి యేమని శ్రోతలు అడుగవచ్చును. మనకు నియామకము క్రొత్త కాదు. నామినేటెడ్ పదవి యన్న మాట వినగానే తెలుగువాని మనసున మెదలునది విద్వాంసుడు కాదు, ఎన్నికలలో టిక్కెట్టు దొరకక అలిగిన కార్యకర్త. ఎన్నికయు క్రొత్త కాదు. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టము జిల్లా విద్యా సమితులను ఏర్పరచినపుడు వానియందు ఎన్నికైనవారికిని నియమితులకును చోటు కల్పించినది. మన శాసనమండలులలో ఉపాధ్యాయులు, పట్టభద్రులు వేరు వేరుగ తమ ప్రతినిధులను పంపుచున్నారు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘములలో నాలుగింట మూడు పాళ్లు తలిదండ్రులుండవలెనని, సగము స్త్రీలుండవలెనని విధించినది. కాని పాఠ్యప్రణాళికను, పరీక్షలను నిర్ణయించు పై మెట్టున మాత్రము మనకు ఉత్తరువే రాజ్యము చేయుచున్నది. ఇంటర్మీడియట్ బోర్డులో ఎవరు సభ్యులో, వారెప్పుడు మారిరో, ఎందుకు మారిరో తమ పిల్లలను అదే బోర్డు పరీక్షకు పంపు తలిదండ్రులలో ఎందరు చెప్పగలరు?

ఇంతవరకు చెప్పినదానిని బట్టి నా అభిప్రాయమును దాచుకొనుట న్యాయము కాదు. సభ్యులు ఏ ద్వారమున వచ్చిరన్నదానికంటె, తప్పు చేసినపుడు వారిని ఏ ద్వారమున, ఎంత త్వరగా పంపగలమన్నదే నాకు ముఖ్యముగ తోచుచున్నది. ఆ కొలతతో కొలిచినపుడు నేను ఎన్నిక పక్షమున నిలుచుదును. విద్వాంసులు చేయు పొరపాటు తక్కువగ నుండవచ్చును గాని, అది చిరకాలము నిలుచును. దానిని దిద్దవలెనన్న న్యాయస్థానము మెట్లెక్కవలెను. ఓటర్లు చేయు పొరపాటు పెద్దదిగనే కనబడును, అయినను దాని ఆయుర్దాయము ఒక యెన్నికనుండి మరియొక యెన్నిక వరకు మాత్రమే. అయితే ఈ ఎన్నిక, మిచిగాన్‌లోవలె ఎనిమిదేండ్లకొకసారి కాదు, నాలుగేండ్లకు మించకుండ జరుగవలెను. ఓడిన సభ్యుడు ఫలితము తెలిసిన పిదప పాఠ్యప్రమాణములపై ఓటు వేయరాదు. జీవశాస్త్రమేమి చెప్పునో, చరిత్రలో ఏది జరిగినదో తేల్చు పని ఆయా శాస్త్రములు చదివినవారికి వదలి, మండలి ధనమును, ఉపాధ్యాయుల యోగ్యతను, పిల్లల క్షేమమును చూచుకొనవలెను. 1995లో టెక్సాసు శాసనసభ గీచిన గీత ఈ దిశగ సరియైనదే గాని చాలినది కాదు. పార్టీ పేర పోటీని నేను సమర్థింపను. నెబ్రాస్కాలో మండలి అభ్యర్థుల పేరు ప్రక్కన పార్టీ పేరుండదు, అందువలన ఆ రాష్ట్రమునకు కలిగిన నష్టమేమియు నాకు కానరాదు.

ఈ ప్రసంగమును విదేశములనుండి వినుచున్న తెలుగువారికి ఒక్క విన్నపము. డల్లాసు పరిసరములందలి ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ పట్టణములలోను, హ్యూస్టన్, ఆస్టిన్ ప్రాంతములలోను స్థిరపడిన మీలో వీసాపై నున్నవారికి ఓటు లేదు, మీ పిల్లలకు పాఠములు మాత్రము ఉన్నవి. పౌరసత్వము పొందినవారు తమ తరపునను, ఓటు లేనివారి తరపునను ఓటు వేయవలెను. టెక్సాసులో పార్టీ పేర ఒక్క గుర్తుతో ఓట్లన్నియు ఒకేసారి వేయు వెసులుబాటు 2020 నుండి లేదు. ప్రతి పదవికిని వేరుగ గుర్తు పెట్టవలెను. అధ్యక్షుని పేరు, గవర్నరు పేరు చూచి పైనుండి సగములోనే ఆగిపోయినవారి ఓటు విద్యా మండలికి చేరదు. పత్రము చివర వరకు చదువుడు. ఆ గడిని ఖాళీగ విడువకుడు.